ఫిన్నిష్ భాషలో భావనామములు పెరిగిన తీరు

తెలుగులో 'పాట' అన్న మాట ఉన్నది, 'పాడుట' అన్న మాటయు ఉన్నది. రెండును 'పాడు' అను ధాతువునుండి పుట్టినవే. అయినను రెండింటి పని ఒకటి కాదు. పాటను వినవచ్చును, వ్రాసికొనవచ్చును, మరచిపోవచ్చును. పాడుట అన్నది జరుగుచున్న పని. తెలుగు పిల్లవాడు ఈ భేదమును ఎవరును చెప్పకుండనే గ్రహించి, రెండు మాటలను తగినచోట వాడును. ఇట్లే ఫిన్లాండు దేశపు పిల్లవాడు 'లౌలా' (పాడు) అను క్రియనుండి వచ్చిన 'లౌలు' (పాట), 'లౌలమినెన్' (పాడుట) అను రెండు మాటలను తడబాటు లేకుండ వాడును.

క్రియనుండి గాని, విశేషణమునుండి గాని, మరియొక నామమునుండి గాని ప్రత్యయము చేర్చి, చేతికి చిక్కని భావమునకు పేరు పెట్టుటను భావనామ నిర్మాణము అందురు. ఇది వ్యాకరణ పండితుల వినోదము మాత్రమే అని అనుకొనరాదు. భౌతికశాస్త్ర గ్రంథము నొకదానిని తెరచి చూడుడు. వేగము, సాంద్రత, జడత్వము, వాహకత, సంభావ్యత - మొదటి పది పుటలలోనే ఇట్టి మాటలు ఇరువది ఎదురగును. వీనిలో ఒక్కటియు బల్లమీద పెట్టి చూపదగిన వస్తువు కాదు. ఇట్టి మాటలు లేని భాషలో పొలము దున్నవచ్చును, పెండ్లి చేయవచ్చును, మహాకావ్యమే పాడవచ్చును. కాని యంత్రశాస్త్రమును బోధించుట కష్టము. పందొమ్మిదవ శతాబ్దపు ఆరంభమున ఫిన్నిష్ భాష సరిగా ఇట్టి స్థితిలో ఉన్నది.

నేడు సుమారు ఏబది లక్షలమందికి మాతృభాషయైన ఫిన్నిష్, యూరపులోని పెక్కు భాషలవలె ఇండో-యూరోపియను కుటుంబమునకు చెందినది కాదు. ఎస్టోనియా వారి భాష దీనికి చెల్లెలు; హంగేరీ వారి భాష దూరపు చుట్టము. ఇది యురాలిక్ కుటుంబము. 1856లో ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణమును ప్రకటించిన బిషప్ కాల్డ్వెల్ తెలుగు, తమిళములకు ఈ కుటుంబముతో చుట్టరికము ఉన్నదని భావించినాడు. తరువాతి పరిశోధనలు ఆ చుట్టరికమును స్థిరపరచలేదు. అయినను ఆయన ఊహకు కారణమైన పోలికలు కల్పితములు కావు. రెండు భాషలును మాట చివర ప్రత్యయము మీద ప్రత్యయము అతికించుకొని పోవును. మనకు 'పులికి' అనియు 'చెట్టుకు' అనియు, ముందున్న అచ్చును బట్టి కి-కు మారునట్లు, ఫిన్నిష్‌లో ప్రత్యయములలో పెక్కు ముందున్న అచ్చును చూచి రంగు మార్చుకొనును. 'సూరి' అనగా పెద్దది. దాని భావనామము 'సూరూస్', పెద్దదనము. 'హ్యువ్యా' అనగా మంచిది. దాని భావనామము 'హ్యువ్యూస్', మంచితనము. ఒకచోట 'ఊస్', మరియొకచోట 'యూస్', ప్రత్యయము ఒక్కటే. (ఫిన్నిష్ అచ్చులలో కొన్నిటికి మన లిపిలో సరియైన అక్షరములు లేవు. ఇక్కడ దగ్గరగా నున్న వానితో సరిపెట్టితిని.)

ఈ ప్రత్యయమే ఆ భాషలో అన్నిటికంటె ఎక్కువ పని చేయునది. విశేషణము దొరికినచో చాలును, దీనిని చేర్చి భావనామము చేయవచ్చును. 'వపా' స్వేచ్ఛగలది, 'వపౌస్' స్వేచ్ఛ. 'రకస్' ప్రియమైనది, 'రక్కౌస్' ప్రేమ. 'నొపెయ' వేగముగలది, 'నొపెవుస్' వేగము. మన 'తనము' కూడ దాదాపు ఇట్టిదే: మంచితనము, పెద్దతనము, చిన్నతనము. కాని మన 'తనము' కొన్ని మాటల దగ్గర మొరాయించును. వేగతనము అని ఎవరైన అన్నచో మనకు నవ్వు వచ్చును. అప్పుడు మనము సంస్కృతపు 'త్వము'ను, 'త'ను అరువు తెచ్చుకొందుము. ఫిన్నిష్ వారికి అరువిచ్చు సంస్కృతము వంటి ఇంటి పెద్ద లేదు. ఉన్నది పాలకుల స్వీడిష్ భాష. అది వేరు కుటుంబము, వేరు ధ్వనులు, వేరు వరస.

క్రియలనుండి భావనామములు చేయుటకు ప్రత్యయములు అనేకము. 'మినెన్' అనునది మన 'ట' వంటిది, ఏ క్రియకైనను చేర్చవచ్చును. 'లుకెమినెన్' చదువుట. 'ఉ' అనునది ప్రాచీనము, పొట్టిది: 'ఇత్కు' ఏడుపు, 'లౌలు' పాట. 'ముస్' అనునది పని ముగిసిన తరువాత మిగిలిన ఫలమును చెప్పును. 'తుత్కియ' అనగా పరిశోధించు, 'తుత్కిమినెన్' పరిశోధించుట, 'తుత్కిముస్' పరిశోధన, పరిశోధన గ్రంథము.

వీనిలో నన్ను అన్నిటికంటె ఆకర్షించినది, చూపునకు కవలలై, పుట్టుకలో వేరైన రెండు 'ఉస్'ల కథ. 'వపౌస్' (స్వేచ్ఛ) విశేషణమునుండి వచ్చినది. 'ఒపెతుస్' (బోధన) 'ఒపెత్తా' (బోధించు) అను క్రియనుండి వచ్చినది. ప్రథమలో రెండింటికిని చివర ఒకే ధ్వని. కాని షష్ఠీ విభక్తికి రాగానే ముసుగు తొలగిపోవును: స్వేచ్ఛయొక్క అనుటకు 'వపౌదెన్', బోధనయొక్క అనుటకు 'ఒపెతుక్సెన్'. మొదటిదానిలో అసలు దాగియున్నది 'త'కారము. అది పదాంతమున ఇకారము ముందు 'స'కారమైనది. తరువాత ఆ ఇకారమును రాలిపోయినది. వెనుక అచ్చు నిలిచి, అక్షరము మూసికొన్నచోట అదే 'ద'కారముగా మెత్తబడినది. ఆ భాషలో నీటిని 'వెసి' అందురు. నీటియొక్క అనుటకు 'వెదెన్', నీరుగా అనుటకు 'వెతెన్యా'. స, ద, త మూడును ఒక్క మాటలోనే! 'నీరు' అని చెప్పి, వెంటనే 'నీటి' అని చెప్పు తెలుగువారికి ఇది వింతగా తోచనక్కరలేదు. మన వ్యాకరణములలో ఔపవిభక్తికములని పేరుపెట్టి నేర్పుచున్న మార్పులను, ఫిన్లాండు బడులలో 'ఉస్' మాటల రెండు వర్గములుగా నేర్పుదురు. ఏ 'ఉస్' ఎక్కడిదో తెలిసిన వానికి పట్టిక కంఠస్థము చేయవలసిన అవసరము తక్కువ.

ఇక చరిత్రకు వత్తము. ఫిన్నిష్ భాషలో మొదట అచ్చుపడిన పుస్తకము 1543లో వచ్చిన అక్షరమాల. దాని కర్త మికాయెల్ అగ్రికోలా. జర్మనీలోని విట్టెన్‌బెర్గులో మార్టిన్ లూథరు ఉన్న కాలముననే చదివి వచ్చినవాడు. 1548లో క్రొత్త నిబంధనను ఫిన్నిష్‌లోనికి అనువదించి ప్రకటించినాడు. మత గ్రంథము నిండ భావనామములే: కృప, పాపము, విమోచనము, అంతరాత్మ. పల్లె భాషలో వీనిలో కొన్నిటికి మాటలు ఉన్నవి, కొన్నిటికి లేవు. అంతరాత్మకు ఆయన గ్రంథములలో కనిపించు మాట 'ఒమతున్తో'. 'ఒమ' అనగా తనది, 'తున్తో' అనగా ఎరుక. తన ఎరుకయే అంతరాత్మ. ఆయన గ్రంథములన్నింటిలోను సుమారు 8,500 వేర్వేరు మాటలు ఉన్నవనియు, వానిలో సగమునకు పైగా నేటికిని వాడుకలో ఉన్నవనియు పండితులు లెక్కించినారు. 1557 ఏప్రిల్ 9న, మాస్కోలో సంధి చర్చలు ముగించుకొని తిరిగి వచ్చుచు ఆయన మరణించినాడు. ఫిన్లాండువారు ఆ తేదీని తమ భాషా దినముగా జరుపుకొందురు.

అగ్రికోలా తరువాత రెండున్నర శతాబ్దములు పెద్ద కదలిక లేదు. పూర్తి బైబిలు 1642లో వచ్చినది. చట్టములు, పంచాంగములు, ప్రార్థన పుస్తకములు వచ్చినవి. కాని కచేరీలో స్వీడిష్, విశ్వవిద్యాలయములో లాటిన్, స్వీడిష్. దర్జీ కొడుకు పైచదువు చదువవలెనన్నచో ముందుగా తన భాష కాని భాషను నేర్చుకొనవలెను. అట్లు నేర్చుకొన్న దర్జీ కొడుకు ఒకడు తరువాత ఈ కథకు నాయకుడైనాడు.

1809లో ఫిన్లాండు స్వీడను చేతినుండి రష్యా చక్రవర్తి చేతికి పోయినది. పాలకుడు మారినాడు కాని కచేరి భాష మారలేదు. అయితే విద్యావంతులలో ఒక ఆలోచన రేగినది: మనము స్వీడిష్ వారము కాకపోతిమి, రష్యనులము కాజాలము, మరి మనము ఎవరము? 1831లో హెల్సింకీలో ఫిన్నిష్ సాహిత్య సంఘము వెలసినది. దాని మొదటి కార్యదర్శి ఎలియాస్ లోన్‌రోట్ (1802-1884). ఈయనయే పైన చెప్పిన దర్జీ కొడుకు, వృత్తిచేత వైద్యుడు. ఉత్తరపు అడవులలో, కరేలియా పల్లెలలో కాలినడకన తిరిగి జానపద గేయములు సేకరించి, 1835లో 'కలెవల'ను, 1849లో దాని విస్తృత రూపమును ప్రకటించినాడు. లోకము ఆయనను ఎరిగినది ఈ కావ్యము వలననే. కాని ఫిన్నిష్ భాషలో శాస్త్రము వ్రాయువానికి ఆయన రెండవ పని మొదటిదానికంటె తక్కువది కాదని నా అభిప్రాయము.

ఆ రెండవ పని మాటలు చేయుట. 'కిర్య' అనగా పుస్తకము. దానికి 'ల్లినెన్' చేర్చిన 'కిర్యల్లినెన్', వ్రాతకు సంబంధించినది. దానికి మన 'ఊస్' చేర్చిన 'కిర్యల్లిసూస్', సాహిత్యము. 'కన్స' అనగా ప్రజ, 'కన్సల్లినెన్' జాతీయమైనది, 'కన్సల్లిసూస్' జాతీయత. ఈ రెండు మాటలును లోన్‌రోట్ పేరుతో ముడిపడి ఉన్నవి. నిచ్చెన మెట్ల వలె మూడు మెట్లు. ప్రతి మెట్టును పల్లెవానికి తెలిసినదే. మాట క్రొత్తది, కాని విన్నవాడు 'ఇది మా ఇంటిదే' అనుకొనును. పల్లెవానికి వైద్యము చెప్పుటకు 1839లో గృహవైద్య గ్రంథమును, 1860లో తన దేశపు మొక్కలను గురించి ఫిన్నిష్‌లో వృక్షశాస్త్ర గ్రంథమును ఆయన ప్రకటించినాడు. శరీరపు నాళములకు, పువ్వు భాగములకు ఆయన చేసిన పేర్లలో పెక్కు నేటి పాఠ్య పుస్తకములలో ఉన్నవి.

మాటలు చేసిన మరియొక వైద్యుడు వోల్మర్ షిల్ట్ (1810-1893), యువస్క్యులా పట్టణమువాడు. స్వీడిష్ వాసన కల తన పేరును మార్చి కిల్పినెన్ అని వ్రాసికొన్నవాడు. దీర్ఘములను రెండక్షరములతో కాక పైన గుర్తుతో వ్రాయవలెనని పట్టుపట్టినవాడు. ఆ పట్టు నెగ్గలేదు. కాని 1840ల దశకంలో ఆయన చేసిన ఒక జంట పదములు భాష ఉన్నంతకాలము నిలుచునట్టివి. ఫిన్నిష్‌లో 'తియెత్యా' అనగా ఎరుగు. 'తియెతో' అనగా ఎరుక. 'తైతా' అనగా నేర్పుగా చేయగలుగు. 'తైతో' అనగా నేర్పు. ఈ రెండును పాత మాటలే. ఎరుక ప్రతివానికిని ఉండును, నేర్పు వడ్రంగికిని ఉండును. కాని ఎరుకను క్రమముగా కూర్చి పరీక్షించి నిలిపినదానికి - శాస్త్రమునకు - పేరు ఏది? నేర్పు తనకు తానే లక్ష్యమై వికసించినదానికి - కళకు - పేరు ఏది? షిల్ట్ ప్రత్యయమును మార్చినాడు, అంతే. 'ఒ' తీసి 'ఎ' పెట్టినాడు. 'తియెదె' శాస్త్రమైనది, 'తైదె' కళయైనది. ఒక్క అచ్చు మార్పుతో రెండు మహా భావములకు ఇల్లు కట్టిన ఈ పనిని చూచినచో, ప్రత్యయము ఎంత చిన్నదో అంత బలముగలదని తెలియును. 'హెంకి' (ఊపిరి, ప్రాణము) నుండి 'హెంకిలో' (వ్యక్తి), 'ఎసి' (ఎదుట) నుండి 'ఎసినె' (వస్తువు, అనగా ఎదుట ఉన్నది) - ఇవియు ఆయన చేసినవే. ఆయన చేసి వదలిన మాటలు ఇంకను ఎన్నో. వానిలో చాల భాగమును జనము ముట్టలేదు.

ఈ కాలముననే సామ్యూల్ రోస్ 1845లో విద్యుత్తుకు 'స్యాహ్కో' అను పేరు పెట్టినాడు. బుస్సుమను ధ్వనియు నిప్పురవ్వయు స్ఫురించు మాట అది. 1847లో పావో తిక్కనెన్ అను పత్రికా సంపాదకుడు 'వల్త' (అధికారము) నుండి 'వల్తియో' (రాజ్యము) అను మాట చేసినాడు. తిక్కనెన్ అన్న పేరు చూచి మన తిక్కన సోమయాజిని తలచుకొనవలదు. అది కేవలము చెవికి కలిగిన భ్రమ.

మాటలు చేయుట అప్పటి ప్రభుత్వమునకు నిరపాయమైన పనిగా తోచలేదు. 1848లో యూరపు అంతటను విప్లవములు రేగినవి. రష్యా ప్రభుత్వము బెదరినది. 1850లో, మతబోధకును, జీవనోపాధికిని ఉపయోగపడునవి తప్ప మరి ఏ పుస్తకములును ఫిన్నిష్ భాషలో అచ్చువేయరాదని శాసనము చేసినది. అనగా రైతు ప్రార్థన చేసికొనవచ్చును, ఎరువు వేయుట నేర్చుకొనవచ్చును. రాజ్యము, స్వేచ్ఛ, జాతీయత అను భావములను గురించి తన భాషలో చదువరాదు. చక్రవర్తి కొలువువారికి భాషాశాస్త్రము తెలియకపోవచ్చును గాని, భావనామముల శక్తి మాత్రము బాగుగా తెలిసినట్లున్నది. ఈ వింత ఏమనగా, అదే 1850లో హెల్సింకీ విశ్వవిద్యాలయములో ఫిన్నిష్ భాషకు ఆచార్య పీఠము నెలకొల్పబడినది. ఒక చేత తాళము వేసి, ఒక చేత తాళపుచెవి అందించినట్లైనది. మొదటి ఆచార్యుడు కాస్ట్రేన్ 1852లో మరణింపగా, ఆ పీఠము లోన్‌రోట్‌కు వచ్చినది.

నిషేధము ఉన్న ఆ యేండ్లలోనే, 1858లో, షిల్ట్ ప్రభృతుల పూనికతో యువస్క్యులాలో ఫిన్నిష్ మాధ్యమముగల మొదటి ఉన్నత పాఠశాల తెరవబడినది. శాసనము 1860లో తొలగినది. 1863లో రెండవ అలెగ్జాండరు చక్రవర్తి, ఇరువది యేండ్లలో ఫిన్నిష్ స్వీడిష్‌తో సమాన హోదా పొందవలెనని ఆజ్ఞ ఇచ్చినాడు. ఆ ఆజ్ఞకై పాటుపడిన స్నెల్మాన్ తన వ్యాసములను ఎక్కువగా స్వీడిష్‌లోనే వ్రాసినవాడు. ఫిన్నిష్‌కు వాదించినవారిలో పెక్కుమంది ఇండ్లలో ఫిన్నిష్ వినబడని రోజులవి. భాష ఉద్యమములలో ఇట్టి విడ్డూరములు మనకును అపరిచితములు కావు.

ఇరువది యేండ్ల గడువు పెట్టినప్పుడు న్యాయస్థానమునకు, రైలు కచేరికి, రసాయనశాలకు మాటలు కావలసి వచ్చినవి. లోన్‌రోట్ 1866 నుండి 1880 వరకు భాగములుగా ప్రకటించిన ఫిన్నిష్-స్వీడిష్ నిఘంటువులో సుమారు రెండు లక్షల పదములు ఉన్నవి. వానిలో ప్రజల నోట విన్నవి కొన్ని, ప్రత్యయములను వరుసగా చేర్చి ఆయన తానుగా పుట్టించినవి కొన్ని. ధాతువు ఒకటి, దానికి అమరగల ప్రత్యయములన్నియు. ఏది పనికివచ్చునో కాలము తేల్చును గాక అన్నట్లు. కాలము తేల్చినది. ఆ మాటలలో వేలకొలది నిఘంటువు దాటి బయటకు రాలేదు. దీనినిబట్టి లోన్‌రోట్‌ను తప్పు పట్టుట సరికాదు. విత్తనము చల్లిన రైతు ప్రతి గింజయు మొలకెత్తవలెనని పట్టుపట్టడు. కాని ప్రత్యయము ఉన్నంత మాత్రమున మాట బ్రతుకదు. బ్రతికిన మాటలను చూచినచో, పాఠశాల పుస్తకములోనో, పత్రికలోనో, కచేరి కాగితములోనో అడుగుపెట్టిన మాటలే బ్రతికినవి.

ఆ మాటలలో శాస్త్రమునకు చెందినవి కొన్ని చూతము. 'హిదస్' అనగా నెమ్మదియైనది, 'హితౌస్' జడత్వము. పాఠము వినుచున్న పిల్లవానికి బద్ధకించిన బండి మనసులో మెదలును. కదలనిది కదలనొల్లదు అను నియమము సగము అప్పుడే తెలిసిపోవును. 'యొహ్తా' నడిపించు, 'యొహ్తవ' నడిపించునది, 'యొహ్తవూస్' వాహకత. జలమునుండి 'ఉదజని', ఆమ్లమునుండి 'ఆమ్లజని' అని మన పాత శాస్త్ర పుస్తకములలో పేర్లు పెట్టినట్లే, వారు 'వెసి'లోని దాగిన తకారమును బయటకు లాగి హైడ్రోజనును 'వెత్యు' అనియు, పులుపును తెలుపు 'హపన్' నుండి ఆక్సిజనును 'హప్పి' అనియు పేర్కొన్నారు. సంభావ్యతకు వారి మాట 'తొదెన్న్యాకొయిస్యూస్'. పొడవు చూచి భయపడవలదు: 'తొదెన్' నిజముయొక్క, 'న్యాకొయినెన్' రూపుగలది, చివర భావప్రత్యయము. నిజమువలె కనబడుతనము! గణితజ్ఞుడు కూడ సంతోషించదగిన నిర్వచనము.

లేమిని చెప్పు భావనామములు ఆ భాషకు ఒక ప్రత్యేకత. 'ఒన్ని' అదృష్టము, 'ఒన్నెతోన్' అదృష్టము లేనివాడు, 'ఒన్నెత్తొమూస్' అదృష్టము లేనితనము, అనగా ప్రమాదము. రైలు పట్టాలు తప్పినను, బండి బోల్తాపడినను పత్రికలో పడు మాట ఇదియే. మనకు 'కలిమి'కి ఎదురుగా 'లేమి' అను చక్కని మాట ఉన్నది. 'చెలిమి, బలిమి' కూడ ఆ ప్రత్యయము కలవే. కాని మన 'ఇమి' ప్రత్యయము ఆ కొద్ది మాటలతోనే ఆగిపోయినది. క్రొత్త మాట చేయుటకు నేడు ఎవరును దానిని వాడుట లేదు. ఫిన్నిష్ వారి 'ఊస్' నేటికిని కాన్పులు కనుచున్నది.

'ఇత్సె' అనగా తాను. 'ఇత్సెన్యాయినెన్' తనపై తాను నిలిచినది. 'ఇత్సెన్యాయిస్యూస్' స్వాతంత్ర్యము. పందొమ్మిదవ శతాబ్దపు మధ్యకాలమున రూపుదిద్దుకొన్న ఈ మాట, 1917 డిసెంబరు 6న ఫిన్లాండు పార్లమెంటు స్వాతంత్ర్య ప్రకటనను ఆమోదించిననాటికి ఎవరికిని వివరించి చెప్పవలసిన అవసరము లేని మాట అయినది. డెబ్బది ఏండ్ల క్రిందట ప్రజల భాషలో దానికి పేరు లేదు. నేడు ఆ దినపు సెలవునకు పెట్టిన పేరులో కూడ ఆ మాటయే ఉన్నది. పిల్లలు బడిలో దానిని విభక్తులతో వల్లించునప్పుడు, షష్ఠికి వచ్చుసరికి చివరి సకారము దకారమగును. ద్వితీయవలె వాడు మరియొక విభక్తిలో దాగిన తకారము రెండింతలై బయటపడును.